రివ్యూకి రాని రోగిని లెక్కలోంచి తీసేయకండి: చెన్నైలోని తెలుగు వైద్య పరిశోధకులకు బహిరంగ లేఖ

చెన్నై వైద్య కళాశాలల్లో, బోధనాసుపత్రుల్లో పనిచేస్తున్న తెలుగు గైడ్లకు, థీసిస్ రాస్తున్న పీజీ డాక్టర్లకు, పరిశోధన కమిటీల్లో ఉన్న పెద్దలకు,

నమస్కారం.

మీలాంటివారి థీసిస్‌లకు లెక్కలు చూసిపెట్టడం నా వృత్తి. ఆ చనువుతో ఒక మాట అడుగుతున్నాను. మాస్టర్ చార్టులో (ఒక్కో రోగి వివరాలు ఒక్కో వరసగా రాసే పట్టికలో) ఏడాది రివ్యూ గడి ఖాళీగా ఉంటే ఆ రోగి పక్కన ‘లాస్ట్ టు ఫాలో అప్’ (మళ్లీ రాలేదు, జాడ లేదు) అని రాసి, వరసంతా తీసేసి, మిగిలినవాళ్ల మీద శాతాలు కట్టే అలవాటు ఇక మానేద్దాం. రాని రోగి ఎలాంటివాడో చేర్చుకున్న రోజు నింపిన కేసు షీటు చాలావరకు చెప్తుంది. ఆ సమాచారాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతి పుట్టి డెబ్బై ఏళ్లు దాటింది. దాన్ని వాడకపోవడానికి నాకు సరైన కారణం కనబడటం లేదు.

ఎవరు రావడం లేదో ఒక్కసారి చూడండి. నెల్లూరు, కావలి, గూడూరు, నాయుడుపేట, చిత్తూరు వైపు నుంచి చికిత్స కోసం చెన్నై వచ్చే కుటుంబాలు మీ వార్డుల్లో ఎప్పుడూ ఉంటాయి. ఆపరేషన్ అవుతుంది, డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని ఊరు వెళ్తారు, మొదటి రివ్యూకి వస్తారు, ఆ తర్వాత పలచబడతారు. రావాలంటే తెల్లవారకముందే రైలెక్కి సెంట్రల్లో దిగాలి, లేదా మాధవరం బస్టాండులో దిగి అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకోవాలి. తోడొచ్చే కొడుకో అల్లుడో ఆ రోజు కూలి వదులుకోవాలి. ఓపీలో పిలుపులు తమిళంలో. ఒళ్లు కుదుటపడ్డవాడు ‘బాగానే ఉంది గదా, ఇప్పుడెందుకులే’ అనుకుంటాడు. బాగాలేనివాడు దగ్గర్లోని డాక్టరుకు చూపించుకుంటాడు. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఆసుపత్రి నుంచి వచ్చే ఫోను ఎవరూ ఎత్తరు. అయనావరంలోనో పెరంబూరులోనో ఇల్లున్న రోగికి రివ్యూ అంటే ఒక పూట పని. అందుకే ఖాళీ గడులు చార్టు నిండా సమానంగా చల్లినట్టు ఉండవు, కొన్ని ఊళ్ల దగ్గర, కొన్ని కష్టాల దగ్గర గుమిగూడి ఉంటాయి. వాటిని తీసేసి కట్టిన శాతం చెన్నైలో కాపురమున్నవాళ్ల శాతం. రేపు కావలి నుంచి వచ్చే మనిషికి ఆపరేషన్‌కు ముందు మీరు చెప్పే భరోసా మాత్రం ఆ శాతమే.

చిన్న లెక్క చూపిస్తాను. అంకెలు ఉదాహరణ కోసం నేను అనుకున్నవి. 200 మందికి ఒకే ఆపరేషన్ చేశారు. 100 మంది నగరంవాళ్లు, 100 మంది ఆంధ్ర జిల్లాలవాళ్లు. ఏడాదికి నగరంవాళ్లు 80 మంది వచ్చారు, వారిలో 64 మందికి నయమైంది. ఊళ్లవాళ్లు 40 మంది వచ్చారు, 20 మందికి నయమైంది. రానివాళ్లను కొట్టేస్తే 120లో 84, అంటే 70 శాతం. థీసిస్‌లో అదే అచ్చవుతుంది.

ఇప్పుడు వచ్చే అవకాశం చూడండి. నగరంవాళ్లకు అది 0.8, ఊళ్లవాళ్లకు 0.4. ఆ అవకాశాన్ని తలకిందులు చేస్తే వచ్చేదే వెయిట్: నగరం రోగికి 1.25, ఊరి రోగికి 2.5. కావలి నుంచి ఖర్చు పెట్టుకుని వచ్చిన ఆవిడ తనకోసమూ, రాలేకపోయిన తనలాంటి మరో ఒకటిన్నర మందికోసమూ లెక్కలో నిలబడుతుంది. 64ను 1.25తో హెచ్చిస్తే 80, 20ని 2.5తో హెచ్చిస్తే 50. మొత్తం 200లో 130, అంటే 65 శాతం. అయిదు శాతం తేడా. నిజం డేటాలో దూరం ఒక్కటే కాదు, వయసు, జబ్బు తీవ్రత, మొదటి రివ్యూకి వచ్చారా లేదా, ఇలా చాలా ఉంటాయి కాబట్టి ఆ అవకాశాన్ని, వీటన్నిటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకునే లాజిస్టిక్ రిగ్రెషన్‌తో అంచనా వేస్తాం. సూత్రం మాత్రం ఇదే.

ఈ సూత్రాన్ని హార్విట్జ్, థాంప్సన్ అనే సంఖ్యాశాస్త్రవేత్తలు 1952లో సర్వేల కోసం రాశారు. కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లకు ఇది కొత్తేం కాదు; ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటాలో ప్రతి వరసకూ ఒక వెయిట్ ఉంటుందని, అది లేకుండా శాతాలు తీస్తే తప్పని వాళ్లే పాఠం చెప్తారు. ఆ జాగ్రత్త ఆసుపత్రి రిజిస్టరు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదిలేస్తున్నామో ఆలోచించండి. మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్న మనిషి, డేటా మన చేతికి చేరే దారి డేటాను ఎలా మారుస్తుందో 1965లోనే గణితంగా రాసిపెట్టారు. మగపిల్లల తరగతిలో ఒక్కొక్కరినీ మీ ఇంట్లో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని అడిగి కూడితే మగపిల్లలే ఎక్కువ తేలతారు. మగపిల్లలు ఎక్కువున్న ఇల్లు ఆ తరగతిలో తగలడానికి ఎక్కువ అవకాశముంది. మగపిల్లలే లేని ఇంటికి అసలు అవకాశమే లేదు, ఎంత వెయిట్ వేసినా ఆ ఇల్లు లెక్కలోకి రాదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

రెండు చికిత్సలను పోల్చే థీసిస్‌లలో ఇబ్బంది రెట్టింపవుతుంది. ఫలానా ఆపరేషన్ మంచిదా, మందులు చాలా అని పాత రికార్డుల నుంచి తేల్చాలనుకుంటారు. ఎవరికి ఏ చికిత్స ఇవ్వాలో అప్పట్లో నిర్ణయించింది డాక్టరు, రోగి పరిస్థితి చూసి. మళ్లీ ఊహకు అనుకుందాం: జబ్బు తేలికగా ఉన్న 100 మందిలో 80 మందికి ఆపరేషన్, 20 మందికి మందులు. ముదిరిన 100 మందిలో 20 మందికి ఆపరేషన్, 80 మందికి మందులు. ఏ చికిత్స ఇచ్చినా తేలికవాళ్లలో 90 శాతం, ముదిరినవాళ్లలో 30 శాతం బాగుపడతారనుకోండి. అంటే రెండు చికిత్సలకూ తేడా ఏమీ లేదు. ఉన్నదున్నట్టు కడితే ఆపరేషన్ వర్గంలో 100కి 78 మంది, మందుల వర్గంలో 100కి 42 మంది బాగుపడ్డట్టు కనిపిస్తుంది. చి-స్క్వేర్ పరీక్ష వేస్తే పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) చాలా చిన్నదొస్తుంది. ‘శస్త్రచికిత్స గణనీయంగా మెరుగు’ అని ముగింపు రాసేస్తారు.

ప్రతి రోగికీ తనకు దక్కిన చికిత్స దక్కే అవకాశాన్ని తలకిందులు చేసి వెయిట్‌గా పెట్టండి. తేలికగా ఉండి ఆపరేషన్ అయినవాళ్లకు 1.25, ముదిరి ఆపరేషన్ అయినవాళ్లకు 5. మందుల వర్గంలో దీనికి తిరగబెట్టి. రెండు వైపులా 200కి 120, అంటే 60 శాతమే వస్తుంది. 36 శాతం తేడా కరిగిపోయింది. రోజెన్‌బామ్, రూబిన్ 1983లో ప్రొపెన్సిటీ స్కోరు అని పేరు పెట్టింది ఈ అవకాశానికే. రివ్యూకి రానితనం కూడా ఉంటే రెండు వెయిట్లనూ హెచ్చించి వాడాలి. 1990లలో రాబిన్స్, ఆయన సహచరులు ఈ దారిని చాలా దూరం తీసుకెళ్లారు.

చెట్‌పేట్‌లో ఇవాళ క్షయ పరిశోధన సంస్థగా ఉన్నది 1956లో మొదలైనప్పుడు అక్కడివాళ్ల ముందున్న ప్రశ్నా ఇలాంటిదే. క్షయ రోగిని శానటోరియంలో పెట్టాలా, ఇంట్లో ఉంచి మందులిస్తే చాలా? పాత రికార్డులు పోల్చి ఉంటే శానటోరియంలో మంచం దొరికినవాళ్లకూ దొరకనివాళ్లకూ మధ్య ఉన్న తేడాలన్నీ చికిత్స ఖాతాలో పడేవి. వాళ్లు మద్రాసు నగరంలోని 193 మంది పేద రోగులను ఏ పక్షపాతమూ లేకుండా యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీశారు. ఇంటి దగ్గర చికిత్స కూడా శానటోరియానికి దగ్గరగానే పనిచేస్తుందని 1959లో ప్రకటించారు. ప్రపంచంలో క్షయ చికిత్స తీరే మారింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటి: వాళ్లు రోగులను వదల్లేదు. ఇళ్లకు వెళ్లారు, చెప్పకుండా వెళ్లి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించారు. వెయిట్లతో సరిదిద్దాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడం అన్నింటికంటే మేలు. ఆ నగరంలోనే పనిచేస్తున్న మనకు అది గుర్తుండాలి.

అయితే వెయిట్లు వేసినంత మాత్రాన అంతా సర్దుకుంటుందని నేననడం లేదు. ఈ మధ్య ప్రొపెన్సిటీ స్కోరు అనే మాట థీసిస్ ప్రణాళికలైన సినాప్సిస్‌లలో కనబడుతోంది, సంతోషమే. వాడే తీరు చూస్తే మాత్రం భయం వేస్తుంది. సి-స్టాటిస్టిక్ (ఎవరికి ఏ చికిత్స దక్కిందో మోడల్ ఎంత బాగా విడదీసి చెప్పిందో చూపే అంకె, గరిష్ఠం 1) 0.95 వచ్చిందని గర్వంగా చూపిస్తారు. అంత ఎక్కువ రావడం మంచి శకునం కాదు. ఎవరికి ఏ చికిత్స దక్కుతుందో ముందే కచ్చితంగా చెప్పగలిగితే ఆ రెండు వర్గాల్లో ఒకరినొకరు పోలిన రోగులే లేరన్నమాట. అక్కడ పోలిక కుదరదు. చూడాల్సింది వేరు: వెయిట్లు వేశాక వయసు, తీవ్రత, షుగరు, ఊరి దూరం రెండు వర్గాల్లో సమానంగా వచ్చాయా? ప్రామాణిక తేడా (సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగించినది) 0.1 లోపు ఉందా? అది పట్టికగా పెట్టండి. ఇంకొకటి, చికిత్స మొదలయ్యాక జరిగినవేవీ అవకాశాన్ని అంచనా వేసే ఆ మోడల్‌లో పెట్టకండి. ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఎన్ని రోజులున్నాడు అన్నది చికిత్స ఫలితంలో భాగం. దాన్ని సమం చేస్తే ఫలితంలో కొంత మీ చేతులతో మీరే చెరిపేసినట్టు.

పెద్ద వెయిట్ల సంగతి చెప్పాలి. మన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన దేవవ్రత బసు 1971లో ఒక కథ రాశారు. సర్కస్ యజమానికి 50 ఏనుగులు. మొత్తం బరువు కావాలి, తూచగలిగింది ఒక్కదాన్నే. సాంబో అనే ఏనుగు సగటు బరువుది, దాన్ని తూచి 50తో హెచ్చిద్దామని ఆయన ఆలోచన. సంఖ్యాశాస్త్రవేత్త ఒప్పుకోక, సాంబోకి 99/100, మిగతావాటికి ఒక్కోదానికి 1/4900 అవకాశం ఇచ్చి చీటీ తీయించాడు. సాంబోనే వచ్చింది. సూత్రం ప్రకారం మంద మొత్తం బరువు సాంబో బరువుకు 100/99 రెట్లట! అన్నిటికంటే పెద్దదైన జంబో వచ్చి ఉంటే 4900 రెట్లు. సంఖ్యాశాస్త్రవేత్త ఉద్యోగం పోయింది. సూత్రం సగటు మీద సరైనదే, ఒక్కో సందర్భంలో ఘోరంగా దారి తప్పుతుంది. మీ డేటాలో 0.02 అవకాశంతో వచ్చిన ఒక్క రోగి 50 మందికి బదులు మాట్లాడుతుంటే అదే జరుగుతోంది. వెయిట్ల మొత్తంతో భాగించడం వల్ల చాలావరకు కుదురుతుంది, ఏనుగుల కథలో కూడా అది పనికొస్తుంది. ఆ పైన, అతి పెద్ద వెయిట్లను 99వ పర్సెంటైల్ దగ్గర (నూటికి 99 వెయిట్లు ఏ విలువ లోపు ఉంటాయో అక్కడ) కత్తిరించడం వాడుకలో ఉంది. కత్తిరిస్తే కొంచెం పక్షపాతం తిరిగొస్తుంది కాబట్టి కత్తిరించకముందు, కత్తిరించాక వచ్చిన ఫలితాలు రెండూ చూపించండి. అతి పెద్ద వెయిట్ ఎంతో, అది ఏ తరహా రోగిదో కూడా రాయండి. ఫోనే లేని పదిమందిలో ఒక్కరూ రివ్యూకి రాకపోతే వాళ్ల తరఫున నిలబెట్టడానికి మన దగ్గర ఎవరూ లేరు. రావుగారి తరగతిలో మగపిల్లలు లేని ఇల్లు లాంటిదే ఇది. వాళ్ల గురించి మా అధ్యయనం ఏమీ చెప్పలేదని ఒప్పుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అందులో ‘వెయిట్ కేసెస్’ నొక్కితే 2.5 అన్న వెయిట్‌ను అది రెండున్నర మంది మనుషులుగానే లెక్కవేస్తుంది. పై ఉదాహరణలో వచ్చింది 120 మంది. ఎస్‌పీఎస్‌ఎస్‌కు వాళ్లు 200 మంది. నిజానికి వెయిట్లు అసమానంగా ఉండటం వల్ల ఆ 120 మంది ఇచ్చే సమాచారం దాదాపు 107 మందికి సమానం (వెయిట్లన్నీ కూడి ఆ మొత్తాన్ని స్క్వేర్ చేసి, ఒక్కో వెయిట్ స్క్వేర్‌ల మొత్తంతో భాగిస్తే వచ్చేది అదే). 107 ఉన్నచోట 200 అనుకుంటే పి విలువ ఉన్నదానికంటే చిన్నదిగా కనబడుతుంది. ఆర్‌లో సర్వే ప్యాకేజీ, స్టాటాలో పీవెయిట్ (ఇవీ అలాంటి సాఫ్ట్‌వేర్‌లే) ఈ పని సరిగ్గా చేస్తాయి. బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్క కట్టడం) చేస్తే ప్రతిసారీ వెయిట్ల మోడల్‌ను కూడా మళ్లీ కట్టాలి.

వెయిట్ల మోడల్‌తోపాటు ఫలితం మోడల్ కూడా కట్టి రెండూ కలిపే పద్ధతి ఒకటుంది. రెండింటిలో ఒకటి సరైనదైనా చాలు, జవాబు సరిగ్గా వస్తుంది. వీలైతే అదే వాడండి. కాకపోతే రెండూ కొంచెం కొంచెం తప్పితే ఫలితం ఇంకా చెడొచ్చని కాంగ్, షేఫర్ 2007లో చూపించారు.

ఇవన్నీ గణితంతో సర్దుకునేవి. సర్దుకోనిది ఒకటుంది. రూబిన్ 1976లో ఖాళీలను విడదీసి చూపించాడు: ఏ సంబంధమూ లేకుండా ఏర్పడ్డవి, మన దగ్గర నమోదై ఉన్న విషయాల వల్ల ఏర్పడ్డవి, మనం చూడని విలువ వల్లే ఏర్పడ్డవి. వెయిట్లు రెండో రకానికి మందు. మూడో రకానికి కాదు. గూడూరు నుంచి వచ్చినవాళ్లూ రానివాళ్లూ మిగతా అన్నింట్లో ఒకేలా ఉన్నా, చనిపోయినందుకే రానివాళ్లు ఉంటే ఏ మోడల్ దాన్ని పసిగట్టలేదు. డేటాలోకి ఎంత తొంగిచూసినా తెలియదు. అందుకని ‘ఒకవేళ’లు వేసి చూపించడం మన బాధ్యత. పై ఉదాహరణలో రాని 60 మంది ఊళ్లవాళ్లలో సగం మందికి నయమై ఉంటుందని వెయిట్లు అనుకున్నాయి. 30 శాతమే నయమై ఉంటే మొత్తం 59 శాతం అవుతుంది, 10 శాతమే అయితే 53. ఈ మూడు అంకెలూ పక్కపక్కన వేస్తే చదివే డాక్టరు తనే ఆలోచించుకోగలడు. చివరిసారి చూసినప్పటి విలువనే ఏడాది విలువగా నింపేయడం మాత్రం చేయకండి. మూడు నెలలకు బాగున్న మనిషి పన్నెండు నెలలకూ అలాగే ఉన్నాడని మనం సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

ఈ మూడో రకానికి ఒక ఉపాయం ఉంది, అది మీ చేతుల్లో ఉంది. రానివాళ్లందరినీ వెతకలేం. 60 మందిలో 15 మందిని చీటీలు తీసి ఎంచుకుని, ఆ 15 మంది కోసం మాత్రం గట్టిగా ప్రయత్నించండి. ఫోను, రెండో నంబరు, ఊరి ఆశా కార్యకర్త, పీహెచ్‌సీ, అవసరమైతే ఒక ఆదివారం ఇంటికే వెళ్లడం. దొరికిన సమాచారానికి ఒక్కొక్కరికి 4 వెయిట్. హాన్సెన్, హర్విట్జ్ 1946లోనే పోస్టు సర్వేల కోసం ఈ దారి చూపించారు. ఉగాండాలో హెచ్‌ఐవీ చికిత్స కేంద్రాలు తప్పిపోయిన రోగుల్లో కొందరిని ఇలాగే వెతికి పట్టుకున్నప్పుడు మరణాల అంచనా అంతకుముందు అనుకున్నదానికి కొన్ని రెట్లు పెరిగింది. అంతకుముందు అంకెలు చూసినవాళ్లు కార్యక్రమం ఎంతో బాగుందనుకున్నారు. 15 మందిని వెతకడం ఒక పీజీకి భారం కాదు, మీలో చాలామందికి ఆ ఇళ్లవాళ్లతో మాట్లాడటానికి భాష అడ్డం కూడా కాదు. చీటీలో వచ్చినవాళ్లనే వెతకాలి, తేలిగ్గా దొరికేవాళ్లతో ఆ 15 నింపేస్తే ఏ ప్రయోజనమూ లేదు.

దీనికి గైడ్లు చేయాల్సింది సినాప్సిస్ దశలోనే ఉంది. కేసు షీటులో ఊరు, ప్రయాణానికి పట్టే సమయం, మాట్లాడే భాష, ఫోను ఎవరిది, తోడు ఎవరొచ్చారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అన్న గడులు చేర్పించండి. చేర్చుకున్న రోజే అవి నింపకపోతే ఏడాది తర్వాత వెయిట్ కట్టడానికి ముడిసరుకే ఉండదు. ‘20 శాతం డ్రాపౌట్ కలుపుకున్నాం’ అని శాంపిల్ సైజు పెంచేసి ఊరుకునే సినాప్సిస్‌ను వెనక్కి పంపండి. సంఖ్య పెంచితే రానివాళ్ల లోటు తీరదు. ఎవరు రాకపోవచ్చు, వాళ్లను లెక్కలోకి ఎలా తెస్తారు అని రాయమనండి. పరిశీలన అధ్యయనాలను ఎలా రాయాలో చెప్పే స్ట్రోబ్ మార్గదర్శకాలు ఏ దశలో ఎంతమంది తగ్గారో, ఎందుకు తగ్గారో, ఖాళీలను ఎలా చూసుకున్నారో చెప్పమని 2007 నుంచి అడుగుతూనే ఉన్నాయి.

ఎథిక్స్ కమిటీ పెద్దలకు ఒక ప్రత్యేక విన్నపం. రివ్యూకి రాకపోతే మీ ఇంటికి ఫోను చేయవచ్చా, మనిషిని పంపవచ్చా, మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఎవరిని అడగమంటారు అన్న మూడు ప్రశ్నలు సమ్మతి పత్రంలోనే ఉండేలా చూడండి. ఆ పత్రం తమిళం, ఇంగ్లీషుతోపాటు తెలుగులో కూడా ఉండాలి. అర్థం కాని కాగితం మీద సంతకం తీసుకుని, ఏడాది తర్వాత తలుపు తడితే తప్పు మనది. పత్రం తెలుగులో రాయడానికి, వెయిట్ల పట్టికలు సరిచూడటానికి ఏ కాలేజీ పిలిచినా వస్తాను.

ఇట్లు,
చెన్నైలో ఉంటున్న ఒక తెలుగు బయోస్టాటిస్టిషియన్